సిస్టమ్ రిపేరు మనమే చేసుకుందాం – 6వ పాఠం: ఆన్ చేయగానే నాలుగు బీప్‌లు

ఐదో పాఠంలో జెమ్ క్లిప్ పెట్టి ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బాను, బోర్డుతో పని లేకుండా విడిగా ఆన్ చేశాం. ఆ పాఠం చేసినవాళ్లలో సగం మంది ఒకే మాట రాశారు: "ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుంది, అంటే మదర్‌బోర్డ్ పోయింది." కొందరు బోర్డు ధర కూడా వాకబు చేసేశారు. కాస్త ఆగండి. ఫ్యాన్ తిరగడానికీ ఎస్‌ఎంపీఎస్ బాగుండటానికీ మధ్య చాలా దూరం ఉంది. ఈ పాఠం మొదట ర్యామ్ గురించి అనుకున్నది. ఆన్ చేయగానే నాలుగు బీప్‌లు వస్తున్నాయనీ, ఎస్‌ఎంపీఎస్సే బీప్ కొడుతోందనీ రాసినవాళ్లూ ఉన్నారు. ర్యామ్‌ను పక్కన పెట్టి, ఈ చిక్కులు విడదీశాకే ముందుకు వెళ్దాం.

మీలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హెచ్‌పీ కాంపాక్ ఆఫీసు డెస్క్‌టాప్‌లు. 8000 ఎలైట్, 8200 ఎలైట్, వాటి చిన్న కేబినెట్ రకాలు. అందుకే పాఠమంతా ఆ మెషీన్ మీదే నడుపుతాను. అసెంబుల్డ్ సిస్టమ్ ఉన్నవాళ్లకు తేడా వచ్చే చోట చెబుతాను.

ఆ బీప్ ఎక్కడిది?

మామూలు డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లో బీప్ కొట్టే భాగమే ఉండదు. రెండేసి మాడ్యూళ్లు పెట్టే సర్వర్ సప్లైలకు సొంత బజర్ ఉంటుంది, మన ఇళ్లలో అవి ఉండవు. కాబట్టి "ఎస్‌ఎంపీఎస్ బీప్ కొడుతోంది" అని రాసినవాళ్లంతా విన్నది వేరే చోటి నుంచి వచ్చిన శబ్దం. ఆ చోట్లు మూడు.

ఒకటి, మదర్‌బోర్డ్ స్పీకరు. రెండు, యూపీఎస్. యూపీఎస్ ఉన్నవాళ్లు ముందుగా సిస్టమ్‌ను నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టి చూడండి. బీప్ ఆగిపోతే ఈ పాఠం మీకు కాదు, అది ఓవర్‌లోడో, లోపలి బ్యాటరీ ముసలిదైపోవడమో. మూడు, పాత గ్రాఫిక్స్ కార్డు. జీఫోర్స్ 6800, 8800 జీటీఎక్స్ లాంటి కార్డుల మీదే ఒక బజర్ ఉంటుంది. పక్కనుంచి పెట్టాల్సిన పవర్ కేబుల్ పెట్టకపోతే చెవులు చిల్లులు పడేలా ఆగకుండా అరుస్తుంది. కేబుల్ పెడితే మాట్లాడదు.

ఎస్‌ఎంపీఎస్ నుంచి నిజంగా వచ్చే శబ్దం ఒకటుంది కానీ అది బీప్ కాదు. సెకనుకోసారి "టిక్... టిక్..." అంటుంది, ప్రతి టిక్‌కూ ఫ్యాను రెక్క ఇంత కదిలి ఆగిపోతుంది. ఎక్కడో షార్ట్ ఉంది, రక్షణ సర్క్యూట్ ఆపేస్తోంది, మళ్లీ ప్రయత్నిస్తోంది అని దానర్థం.

లెక్కపెట్టడంలో పడిన తప్పు

ఈ హెచ్‌పీ మెషీన్లలో పవర్ బటన్ లైటు ఎర్రగా మెరుస్తూ, సెకనుకు ఒకటి చొప్పున నాలుగు బీప్‌లు కొట్టి, రెండు సెకన్లు ఆగి, మళ్లీ నాలుగు కొడితే అది పవర్ ఫెయిల్యూర్. ఐదు విడతలయ్యాక బీప్ ఆగిపోతుంది, ఎర్ర లైటు మెరుపు మాత్రం సాగుతూనే ఉంటుంది. బీప్ ఆగింది కదా, సర్దుకుంది అనుకోకండి.

మొదటి బీప్ చెవిన పడకపోతే నాలుగు కాస్తా మూడవుతుంది. అదే మెషీన్లో మూడు బీప్‌లంటే ప్రాసెసర్ లేదు అని. అలా మూడు లెక్కపెట్టి ప్రాసెసర్ ఊడదీసి, సాకెట్ పిన్నులు వంచుకున్నవాళ్లు ఉన్నారు. రెండంటే ప్రాసెసర్ వేడెక్కింది, ఐదంటే ర్యామ్, ఆరంటే గ్రాఫిక్స్, ఏడంటే బోర్డు. ఒక్క అంకె తేడాతో దారి మొత్తం మారిపోతుంది. కాబట్టి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టి, ఆ తర్వాతే పవర్ బటన్ నొక్కండి. వింటూ లెక్కపెట్టేటప్పుడు విరామం తర్వాతి విడత నుంచి మొదలుపెట్టండి.

ఈ నాలుగు హెచ్‌పీ నాలుగు. పాత డెల్ ఆప్టిప్లెక్స్‌లో నాలుగు బీప్‌లంటే ర్యామ్ రాయడం చదవడం కుదరలేదని. ఏఎంఐ కంపెనీ బయోస్ (ఆన్ చేయగానే బోర్డును పరీక్షించే ప్రోగ్రాం) ఉన్న అసెంబుల్డ్ బోర్డులో సిస్టమ్ టైమర్ తప్పు. ఇంటర్నెట్‌లో దొరికే "బీప్ కోడ్ల పట్టిక" ఏ కంపెనీదో, ఏ బయోస్‌దో రాసి లేకపోతే దాన్ని వాడకండి. అసెంబుల్డ్ సిస్టమ్‌లో బీపే రాకపోతే స్పీకరు లేదేమో చూసుకోండి. చాలా కేబినెట్లతో ఈమధ్య ఇవ్వడం లేదు. నాలుగు పిన్నుల చిన్న స్పీకరు విడిగా దొరుకుతుంది, బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న పిన్నులకు పెట్టాలి.

ఇక అసలు విషయం. నాలుగు బీప్‌లు చెప్పేది "కరెంటు చాలలేదు" అని మాత్రమే. ఇచ్చేవాడు తక్కువ ఇచ్చాడా, తీసుకునేవాడు ఎక్కువ లాగాడా అన్నది చెప్పవు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా బీప్ పోలేదని రాసినవాళ్లూ, బోర్డు మార్చినా పోలేదని రాసినవాళ్లూ అక్కడే జారిపడ్డారు. రెండు వైపులా చూడాలి. ముందు ఇచ్చేవాడి సంగతి.

జెమ్ క్లిప్ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఈ ఒక్క పొరపాటు ఎన్నిసార్లు చూసినా నాకు సరిపెట్టుకోబుద్ధి కాదు. అందుకే ఎక్కువసేపు చెబుతాను.

ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఎస్‌ఎంపీఎస్‌కు "ఆన్ అవ్వు" అని చెప్పినట్టు. అంతే. అప్పుడు దాని మీద ఉన్న బరువు (లోడు) దాని సొంత ఫ్యాను ఒక్కటే. ఆ ఫ్యాను లాగేది 12 వోల్టుల మీద 0.1 నుంచి 0.3 ఆంపియరు. మీ సిస్టమ్ ఆన్ అయ్యే క్షణంలో అడిగేది ఎంత? ప్రాసెసర్ ఒక్కటే నాలుగైదు ఆంపియర్లు లాగగలదు. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ప్లేట్లు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆరేడు సెకన్ల తర్వాత అర ఆంపియరుకు దిగిపోతుంది. రెండు డిస్కులుంటే ఆ కొద్ది సెకన్లలోనే 4 ఆంపియర్లు. బీప్ ఆన్ చేయగానే వస్తోందంటే కారణం ఇదే: బరువంతా ఒకేసారి పడే క్షణం అది. ఖాళీ లారీ ఎత్తు ఎక్కింది కదా అని లోడు లారీ ఎక్కుతుందని ఎలా అంటాం?

లోపల జరిగేది చూడండి. ఎస్‌ఎంపీఎస్ అవుట్‌పుట్ వైపు, వోల్టేజీని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి వాటిలోని ద్రవం తగ్గిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. బరువు లేనప్పుడు అది బయటపడదు, మీటరు నిక్షేపంగా 12.1 చూపిస్తుంది. ఐదారు ఆంపియర్లు లాగగానే 11.2కు జారుతుంది. నిర్దేశించిన హద్దు 5 శాతం, అంటే 11.40 నుంచి 12.60. 11.2 దగ్గర బోర్డు ఒప్పుకోకపోవచ్చు. జెమ్ క్లిప్ పెట్టి 12.1 చూసిన మీరు ఎస్‌ఎంపీఎస్ బాగుందని రాస్తారు.

ఇదే చిక్కుకు ఇంకో ముఖం కూడా ఉంది. ఉదయం మొదటిసారి ఆన్ చేస్తే నాలుగు బీప్‌లు, రెండు మూడుసార్లు ఆఫ్ ఆన్ చేస్తే మామూలుగా పనిచేస్తుంది, ఇక రాత్రి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఇలా రాసినవాళ్లు కనీసం ఆరుగురు. ముసలి కెపాసిటరు చల్లగా ఉన్నప్పుడు మరీ మొండికేస్తుంది, వేడెక్కితే కొంత దారికి వస్తుంది. సాయంత్రం తీరిగ్గా విప్పి పరీక్ష చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది. ఇలాంటి మెషీన్‌ను రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి, పొద్దున్నే మొదటిసారి ఆన్ చేసేటప్పుడే పరీక్షించాలి.

దీనికి తలకిందులు: "ఫ్యాన్ తిరగలేదు, ఎస్‌ఎంపీఎస్ పోయింది." అది కూడా తప్పు కావచ్చు. కొన్ని ఖరీదైన ఎస్‌ఎంపీఎస్‌లలో బరువు పెరిగి వేడెక్కేదాకా ఫ్యాను తిరగదు, అలాగే తయారుచేశారు. కొన్ని పాతవి కనీస బరువు లేకపోతే ఆన్ కానే కావు. ఫ్యాను చూడకండి, మీటరు చూడండి.

మీటరు అన్నాను కాబట్టి ఇంకో సమాధానం. 12 వోల్టుల చోట 13.4, 5 వోల్టుల చోట 5.6 వచ్చాయని నలుగురు రాశారు. అన్ని రీడింగులూ ఒకే నిష్పత్తిలో పెరిగాయంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, మీటరులోని 9 వోల్టుల బ్యాటరీది. చౌక పసుపు మీటర్లు బ్యాటరీ నీరసించిన కొద్దీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. కొత్త పెన్‌టార్చి సెల్లు ఒకటి కొలవండి. 1.5 నుంచి 1.6 లోపు రావాలి. 1.8 వచ్చిందంటే ముందు మీటరు బ్యాటరీ మార్చండి.

కేబుళ్లన్నీ నల్లగా ఉన్నాయి, ఆకుపచ్చ ఏదో తెలియలేదు అన్నవాళ్లకు: 24 పిన్నుల కనెక్టర్‌లో పట్టుకునే క్లిప్పు ఉన్న వరుస తీసుకోండి. విడిగా ఊడివచ్చే 4 పిన్నుల ముక్క ఒక చివర ఉంటుంది. దానికి ఎదుటి చివర నుంచి లెక్కపెడితే నాలుగోది ఆకుపచ్చ స్థానం, దానికి రెండు పక్కలా ఉన్నవి నలుపు. ఎలైట్‌డెస్క్ 800 జీ1 లాంటి తర్వాతి హెచ్‌పీ మెషీన్లలో 24 పిన్నులే ఉండవు, 6 పిన్నుల కనెక్టర్‌తో 12 వోల్టులే వస్తాయి, 5, 3.3 వోల్టులు బోర్డే తయారుచేసుకుంటుంది. వాటి మీద గత పాఠం పరీక్ష చేయకండి.

బల్బు బరువు

బరువు పెట్టి కొలవాలి. చిన్న డిస్‌ప్లే ఉన్న ఎస్‌ఎంపీఎస్ టెస్టర్లు బజారులో దొరుకుతాయి. నేను వాటిని నమ్మను, అవి పెట్టే బరువు నామమాత్రం. నా లెక్కలో అన్నిటికన్నా మంచి సాధనం ఆటోమొబైల్ షాపులో దొరికే హెడ్‌లైట్ బల్బు.

కావాల్సినవి: మోటార్‌సైకిళ్లకు వేసే హెచ్‌ఎస్1 బల్బు 12 వోల్టులు 35/35 వాట్లు ఒకటి, కార్లకు వేసే హెచ్4 బల్బు 60/55 వాట్లు ఒకటి, వాటి హోల్డర్లు, ప్రాసెసర్‌కు వెళ్లే 4 పిన్నుల పవర్ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి. కేబుల్‌లో బోర్డు వైపు కొస కత్తిరించి, పసుపు (12 వోల్టుల) వైర్లు రెండూ కలిపి ఒకటిగా, నల్లవి రెండూ కలిపి ఒకటిగా హోల్డర్‌కు సోల్డర్ చేయండి. 35 వాట్ల ఫిలమెంటు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది, 55ది 4.6. హెచ్4లో రెండు ఫిలమెంట్లూ వెలిగిస్తే 9 దాటుతుంది.

హార్డ్ డిస్క్‌కు పెట్టే సాటా పవర్ కనెక్టర్ నుంచి పెద్ద బల్బు వెలిగించకండి. అందులో 12 వోల్టులకు మూడు సన్నని పిన్నులు, ఒక్కోదాని పరిమితి 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5. అక్కడ 35 వాట్ల బల్బు దాకా సరే. అందుకే నేను 4 పిన్నుల ప్రాసెసర్ కేబులే వాడతాను.

వరుస ముఖ్యం. బల్బు ముందు కలిపి, జెమ్ క్లిప్ తర్వాత పెట్టాలి. చల్లని ఫిలమెంటు నిరోధం వెలిగేదానిలో పదో వంతే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఆన్‌లో ఉండగా బల్బు తగిలిస్తే ఆ క్షణంలో పదింతల కరెంటు లాగబోతుంది, మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా రక్షణలోకి వెళ్లి ఆగిపోతుంది. ముందే కలిపి ఉంచితే వోల్టేజీ మెల్లగా ఎక్కుతుంది, ఫిలమెంటు దానితోపాటు వేడెక్కుతుంది. అయినా రెండు ఫిలమెంట్లతో ఒకసారి ఆగిపోతే తీర్పు ఇవ్వకండి, ప్లగ్ తీసి నిమిషం ఆగి ఒక ఫిలమెంటుతో మొదలుపెట్టండి.

బల్బును టైల్ ముక్క మీద పెట్టండి. న్యూస్‌పేపర్ మీద, బల్ల మీద వద్దు, గాజు క్షణాల్లో చురుక్కుమనేంత కాలిపోతుంది. గాజును చేత్తో ముట్టుకోకండి, వెలుగును సూటిగా చూడకండి.

మీటరు డీసీ 20 వోల్టుల స్థానంలో పెట్టి, బల్బు దగ్గర కాకుండా 24 పిన్నుల కనెక్టర్‌లోని పసుపు వైరు దగ్గర కొలవండి. బల్బుకు వెళ్లే వైరులో 4.6 ఆంపియర్లు పారుతుంటే దారిలోనే పదో వంతు వోల్టు పోతుంది, అది ఎస్‌ఎంపీఎస్ తప్పు కాదు. కరెంటు పారని పసుపు వైరులో కొలిస్తే లోపలి అసలు అవుట్‌పుట్ తెలుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నది ఇలా ఉంటుంది: ఖాళీగా 12.12, చిన్న బల్బుతో 12.06, పెద్ద బల్బుతో 12.01, ఐదు నిమిషాలయ్యాక కూడా 12.00. చివరి అంకె కొద్దిగా ఆడుతుంది, అంతే. పాడైంది ఇలా ఉంటుంది: ఖాళీగా 12.10, పెద్ద బల్బు వెలగగానే 11.62, నిమిషానికి 11.55, రెండో నిమిషానికి 11.47, బల్బు కాంతి కంటికి తెలిసేలా ఎర్రబారుతుంది. పుస్తకం ప్రకారం 11.47 ఇంకా హద్దులోనే ఉంది. నేను మాత్రం దాన్ని పక్కన పడేస్తాను. జారుతూ ఉన్న అంకెను నమ్మి హార్డ్ డిస్క్ దానికి తగిలించలేను.

పాత డిజైన్లలో 12, 5 వోల్టులు రెండూ ఒకే నియంత్రణ మీద నడుస్తాయి. వాటిలో 12 మీదే బరువు పెట్టి 5ను ఖాళీగా వదిలేస్తే 12 దిగుతుంది, 5 పైకి పోతుంది. అలా కనిపిస్తే ఎర్ర (5 వోల్టుల), నల్ల వైర్ల మధ్య 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు ఒకటి పెట్టండి. 5 వోల్టుల మీద మసకగానే వెలుగుతుంది కానీ సుమారు 1 ఆంపియరు లాగుతుంది. అప్పుడు 12 మళ్లీ సరైన చోటికి వస్తే ఎస్‌ఎంపీఎస్‌కు జబ్బు లేదు.

బూడిద రంగు వైరు కూడా చూడండి. వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాక, 0.1 నుంచి 0.5 సెకను ఆలస్యంతో ఈ వైరు మీద 5 వోల్టులు కనిపించాలి. "అంతా సిద్ధం, మొదలుపెట్టుకో" అని బోర్డుకు చెప్పే వైరు ఇదే. ఇది 2.4 వోల్టుల కింద ఉండిపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా బోర్డు కదలదు.

ఒక హద్దు చెప్పాలి. మీటరు చూపేది సగటు. వోల్టేజీ మీద సెకనుకు లక్షసార్ల వేగంతో వచ్చే అలలు అందులో కనిపించవు. 12 మీద 120, 5 మీద 50 మిల్లీవోల్టుల దాకా అలకు అనుమతి ఉంది, దాన్ని చూడాలంటే ఆ అలలను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి. బల్బు పరీక్షలో ఫెయిల్ అయితే తీర్పు ఖాయం. పాస్ అయితే నూటికి తొంభై పాళ్లు అనుకోండి.

తీసుకునేవాడి వైపు

బల్బుకు నిలబడింది, కేబినెట్‌లో పెడితే నాలుగు బీప్‌లు. ఇప్పుడు ఎవరో ఎక్కువ లాగుతున్నారు, లేదా కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది.

మొదట ప్రాసెసర్ పక్కనుండే 4 పిన్నుల కనెక్టర్ తీసి టార్చి వేసి చూడండి. నాలుగు లోహపు గొట్టాలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి వెనక్కి జారిపోయి ప్లాస్టిక్ గూడులోకి దిగిపోయి ఉంటే బయటికి అంతా పెట్టినట్టే ఉంటుంది, పిన్ను మాత్రం తగలదు. వైరును వెనకనుంచి మెల్లగా నెట్టితే టక్కుమని కూర్చుంటుంది. గొట్టం చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే అక్కడ వేడి పుడుతోంది, కనెక్టర్ మార్చాల్సిందే.

తర్వాత అన్నీ ఊడదీయండి. హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్, గ్రాఫిక్స్ కార్డు, వైఫై కార్డు, వాటి పవర్ కేబుళ్లతో సహా. కీబోర్డ్, మౌస్ కూడా. చాలామంది మరిచిపోయేది కేబినెట్ ముందుండే యూఎస్‌బీ పోర్టుల కేబుల్. పెన్‌డ్రైవ్ అడ్డదిడ్డంగా తోసినప్పుడు లోపలి నాలుక విరిగి, 5 వోల్టుల పిన్ను వంగి ఇనుప అంచుకు తగులుతుంది. బోర్డు మీదున్న దాని ప్లగ్గు పీకేయండి. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక ర్యామ్ ముక్క, ఇవే మిగలాలి. నాలుగు బీప్‌లు పోయాయా? ఇప్పుడు ఒక్కొక్కటే పెడుతూ రండి. హెచ్‌పీ సర్వీస్ మాన్యువల్ వరుస కూడా ఇంతే: ముందు ప్రాసెసర్ పవర్ కేబుల్, తర్వాత పరికరాలు, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్, అన్నిటికన్నా చివర మదర్‌బోర్డ్.

ప్రతి ప్రయత్నానికీ మధ్య ప్లగ్ తీసి పూర్తి నిమిషం ఆగండి. చాలా ఎస్‌ఎంపీఎస్‌లు ఒకసారి రక్షణలోకి వెళ్తే, గోడ ప్లగ్ తీసి లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా మళ్లీ లేవవు. పాడైన డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆగకుండా వెంటనే ఆన్ చేస్తే ఇంకా లేవదు, "డీవీడీ కారణం కాదు" అని రాసుకుని మంచి ర్యామ్ మీద పడతారు.

తరచుగా దొరికే దొంగ ఇంకొకటి: పాత నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గును సాటాకు మార్చే చౌక కేబుల్. దాని సాటా కొస రెండు రకాలు. వైర్ల చుట్టూ ప్లాస్టిక్ కరిగించి పోసిన రకంలో లోపల వైర్లు దగ్గరదగ్గరగా ఉండి, వేడికి ఒకదానికొకటి తగిలి షార్టవుతాయి, కాలిపోతాయి కూడా. వెనక మూత తెరుచుకుని, ఒక్కో వైరు విడివిడి గాడిలో కూర్చుని కనిపించే రకం కొనండి.

గ్రాఫిక్స్ కార్డు పెట్టాకే బీప్ మొదలైందంటే అది జబ్బు కాదు, లెక్క. 8200 ఎలైట్ చిన్న కేబినెట్ ఎస్‌ఎంపీఎస్ 240 వాట్లది. స్లాట్ నుంచే కరెంటు తీసుకునే 75 వాట్ల కార్డు 12 వోల్టుల మీద 5.5 ఆంపియర్ల దాకా లాగవచ్చు. పదేళ్లు పనిచేసి అలిసిన ఎస్‌ఎంపీఎస్ మీద అంత బరువు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. 30 వాట్ల కార్డుతో సరిపెట్టుకోవడం మేలు.

లేబుల్ చదవడం కూడా ఇక్కడే. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉండొచ్చు. కింద పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 12 ఆంపియర్లే ఉంటే 12 ఇంటూ 12, 144 వాట్లు. ఈనాటి బోర్డులో ప్రాసెసర్, గ్రాఫిక్స్, డిస్క్ మోటారు అన్నీ తినేది ఆ గడిలోనుంచే.

అన్నీ ఊడదీసినా బీప్ పోలేదు, బల్బు పరీక్ష బాగుంది. అప్పుడే బోర్డును అనుమానించాలి. ప్లగ్ తీసి, ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు విప్పి, బోర్డు మీది 4 పిన్నుల సాకెట్‌లో పసుపు వచ్చే పిన్నుకూ నలుపు వచ్చే పిన్నుకూ మధ్య నిరోధం 200 ఓముల స్థానంలో కొలవండి. మీటరు హద్దు దాటి 1 అని ఒక పక్కన నిలిస్తే అక్కడ షార్ట్ లేదు. ఒకటి రెండు ఓములే వస్తే ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే మోస్‌ఫెట్ అనే చిన్న స్విచ్చు భాగం షార్టయి ఉండొచ్చు. దాన్ని మార్చడం ఈ ధారావాహికలో లేదు, బోర్డు రిపేరు షాపుకు ఇవ్వండి.

ఎస్‌ఎంపీఎస్ మార్చాలని తేలితే, చిన్న కేబినెట్ హెచ్‌పీలో మామూలు ఏటీఎక్స్ సైజు పట్టదు. పాతదాని లేబుల్ మీదున్న స్పేర్ నంబర్ ఫొటో తీసుకుని అదే అడగండి. హైదరాబాద్ వాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అనేది, వెతకడానికి మంచి చోటు. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటే బల్బూ మీటరూ వెంట తీసుకెళ్లి అక్కడే వెలిగించి చూసుకోండి. పాతదాన్ని విప్పి కెపాసిటర్లు మార్చేద్దాం అనుకునేవాళ్లకు ఒకటే మాట: 230 వోల్టుల ఏసీ లోపల 325 వోల్టుల డీసీ అవుతుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు పెద్ద కెపాసిటర్‌లో నిలిచి ఉంటుంది. వద్దు.

అభ్యాసం

ఈసారి అభ్యాసం పెద్దది, రెండు ఉదయాలు పడుతుంది. పాడైన మెషీన్ మీద కాకుండా బాగున్న మెషీన్ మీద చేయండి.

మొదటి ఉదయం, రాత్రంతా ప్లగ్ తీసి ఉంచిన ఎస్‌ఎంపీఎస్‌ను బయటికి తీసి, పసుపు, ఎరుపు, నారింజ, ఊదా, బూడిద వైర్లు ఐదూ మూడు స్థితుల్లో కొలవండి: ఖాళీగా, 35 వాట్లతో, 55 వాట్లతో. చివరి స్థితిలో పది నిమిషాలు ఉంచి పసుపు వైరు మాత్రం నిమిషానికోసారి రాసుకోండి. ఊదా వైరు (ప్లగ్‌లో ఉన్నంతసేపూ వచ్చే స్టాండ్‌బై 5 వోల్టులు) జెమ్ క్లిప్ పెట్టకముందు కూడా 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. నారింజ (3.3 వోల్టులది) 3.14 నుంచి 3.47 మధ్య.

రెండో ఉదయం, అదే ఎస్‌ఎంపీఎస్‌ను కేబినెట్‌లో బిగించి, 24 పిన్నుల కనెక్టర్ బోర్డుకు పెట్టే ఉంచి, దాని వెనకనుంచి మీటరు ఎర్ర ప్రోబ్‌ను పసుపు వైరు పక్కన లోహం తగిలేదాకా దూర్చండి. నల్ల ప్రోబ్ నల్ల వైరు దగ్గర. ప్రోబు మొన పక్క పిన్నుకు తగలకుండా, కొన రెండు మిల్లీమీటర్లు వదిలి మిగతాదానికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఇంకొకరిని పవర్ బటన్ నొక్కమని, మొదటి పది సెకన్ల రీడింగ్‌ను ఫోన్‌లో వీడియో తీయండి. తర్వాత వీడియోను ఆపి ఆపి చూసి, అన్నిటికన్నా తక్కువ అంకె రాసుకోండి. డిస్క్ తిరగడం మొదలైన శబ్దం వినిపించే సెకనులోనే అది ఉందా?

ఏడో పాఠం ర్యామ్ మీద. అది మొదలుపెట్టే రోజుకు ఈ రెండు ఉదయాల కాగితం పక్కన ఉండాలి, అందులో 12 వోల్టుల అతి తక్కువ అంకెతోనే మొదలుపెడతాం.